ఓడ ఎక్కని ఒరెన్

ఇటిక్యాల,
4 ఆగస్టు 2024.

బిడ్డ మంజులకు,

రేణుకమ్మ పెద్దమ్మను. వనపర్తి దవాఖానలో ఇరవై రెండు రోజులు నీ పక్క మంచం దగ్గర కూర్చున్నదాన్ని. నువ్వు రాసిచ్చిన అడ్రసు చీటీ నిన్న మా ఆయన మందుల సంచిలో దొరికింది. ఆయన తుంటి ఎముక అతుక్కుంది, కర్ర పట్టుకుని గడప దాకా వస్తున్నాడు. మీ అమ్మ శంకరమ్మ కాలు ఎలా ఉంది?

అడవిలో మీ గూడెం, ఆ పెంటలో సిగ్నల్ రాదన్నావు కదా, అందుకే ఉత్తరం. ఏడో తరగతితో బడి మానేశాక నేను ఉత్తరం రాసింది రెండు మూడుసార్లే. మాట్లాడినట్టు రాద్దామంటే చేయి సాగడం లేదు. కాగితం మీద పెన్ను పెట్టగానే బడి తెలుగే వస్తోంది.

ముందు ముఖ్యమైన సంగతి. మీ అమ్మను ఇంటికి పంపిన రోజుకు మన ‘దూరపు నేల’ రెండో భాగంలో చివరి ఎపిసోడ్ మిగిలింది. నేను చూసేశాను. చూడని వాళ్ళకు కథ చెప్పకూడదని మా కూతురు సుహాసిని అంటుంది. ఫోన్‌లో ఆ సీరియల్ పెట్టిచ్చింది అదే కాబట్టి తనకు అన్నీ తెలుసనుకుంటుంది. కానీ చూసి చెప్పమని బస్సు కిటికీలోంచి అరిచింది నువ్వు.

కేతర లోకంలో మట్టి దుమ్మైపోవడం, కెప్టెన్ ఇల్వా జనాన్నందరినీ ఓడలో వేరే లోకానికి తీసుకుపోవాలనుకోవడం, అంతవరకు కలిసి చూశాం. చివర్లో ఆ తోటమాలి ఒరెన్, తెల్లగడ్డం ముసలాయన, ఓడ తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. వెనక దుమ్ముగాలి. ఇల్వా రమ్మని మూడుసార్లు పిలిచింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆమె తలుపు మూసేసింది, ఓడ లేచిపోయింది.

ఇల్వా చేసింది సరైనదే. ఒక్కడి కోసం తలుపు తెరిచి ఉంచితే మూడువేల మంది పోయేవాళ్ళు. పోవలసి వచ్చినప్పుడు ముందు లేచినవాళ్ళే బతుకుతారు. ఇందులో వాదన లేదు.

నాకు కోపం వేరే వాటి మీద. అంత పెద్ద ఓడలో ఒక్కరు పొయ్యి వెలిగించినట్టు, ఊడ్చినట్టు చూపించలేదు. కేతరకు రెండు సూర్యుళ్ళు పెట్టారు. రెండు సూర్యుళ్ళుంటే వానాకాలం పంట ఎప్పుడు వేస్తారు, యాసంగి ఎప్పుడు వేస్తారు? రాసినవాళ్ళు ఒక్కరోజు కూడా చేను మొహం చూసి ఉండరు. ఇది మా ఆయనకు చెప్తే, “నీకు చేన్ల కలుపు కంటె చుక్కలల్ల మట్టి మీద ఫికర్ ఎక్కువైంది” అన్నాడు.

జవాబు రాయి.

మీ పెద్దమ్మ,
రేణుకమ్మ


ఇప్పలవాగు పెంట,
నాగర్‌కర్నూల్ జిల్లా,
9 సెప్టెంబరు 2024.

పెద్దమ్మకు మంజుల నమస్కారాలు.

ఉత్తరం వచ్చింది. మండలంలో అంగన్‌వాడీ మీటింగుకు పోయిన రోజు పోస్టాఫీసులో అందుకున్నాను. ఆ మీటింగే నాకు సిగ్నల్. సూపర్‌వైజరమ్మ పౌష్టికాహారం గురించి చెప్తుంటే బెంచీ కింద ఫోన్ పెట్టి ఎపిసోడ్లు దించుకుంటాను. పైకి వచ్చాక సోలార్ పలకతో చార్జింగ్ పెట్టి రోజుకు ఒకటే చూస్తాను, నెలంతా రావాలి కదా. ఇప్పుడు ఒంటరిగా చూడడం లేదు. మా అమ్మ ఇంకా కర్ర పట్టుకునే నడుస్తోంది, కాలు చాపుకుని పక్కన కూర్చుంటుంది, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వస్తారు. నా భర్త గోపి మాత్రం, “గాల్ల తిరిగెటోళ్ల ముచ్చట మనకేంది” అని బయటికి పోతాడు.

చివరి ఎపిసోడ్ నేనూ చూశాను. నువ్వు చెప్పింది ఒప్పుకోలేను పెద్దమ్మా. ఇల్వా ఆయన్ను రా, రా, రా అని మూడుసార్లు పిలిచింది. ఎందుకు రావు అని ఒక్కసారైనా అడిగిందా? రెండు భాగాలు, ఇరవై ఎపిసోడ్లు, ఒక్కరూ అడగలేదు. మా అమ్మ వేరే మాట అడిగింది. “ఆయన పెట్టిన చెట్లకు ఇగ నీళ్ళు పోసెటోడు ఆయనొక్కడే కదనే. ఎట్ల పోతడు?”

ఇప్పుడు నా పరేషాన్ ఏమిటంటే, మొన్న మీటింగులో ‘దూరపు నేల’ సినిమా దించుకున్నాను. అందులో ఒరెన్ ఆ దుమ్ముగాలిలో అదే రోజు చనిపోయినట్టు చూపించారు. ఆ తర్వాత కొత్త సీరియల్ ‘తొలకరి’ రెండు ఎపిసోడ్లు చూశాను. అందులో ముప్పై ఏళ్ళ తర్వాత ఒరెన్ బతికే ఉన్నాడు. కేతరలో గడ్డి మొలిచింది. అదే మనిషి, అదే గడ్డం. ఏది నిజం? చనిపోతే ఇల్వా మాట నిజమైనట్టు. బతికితే ఆయన మాట నిజమైనట్టు. తీసినవాళ్ళు ఒక మాట మీద ఉండరా? నువ్వు నాకంటే ముందు నుంచి చూస్తున్నావు, తేల్చి చెప్పు.

ఇక్కడ అంతా మామూలే. ఇళ్ళ సర్వే జరుగుతోంది. మొక్కజొన్నకు ఈసారి కోతుల బెడద ఎక్కువ.

అమ్మ నిన్ను అడిగానని రాయమంది.

మంజుల


ఇటిక్యాల,
2 అక్టోబరు 2024.

బిడ్డ మంజులకు,

నీ ప్రశ్న పట్టుకుని పది రోజులు తిరిగాను. సుహాసిని గద్వాల నుంచి వస్తే దాన్ని కూర్చోబెట్టి అడిగాను. సినిమా ఒక లోకమట, తొలకరి ఇంకో లోకమట. ఒకే ఒరెన్ ఒకచోట చస్తాడట, ఒకచోట బతుకుతాడట, రెండూ నిజమేనట. “గట్ల కూడా అయితదా?” అంటే, “అమ్మా, సైన్స్ ఫిక్షన్ల అన్ని అయితయి” అంది.

నాకు ఎక్కలేదు. ఏ మనిషైనా తలుపు దగ్గర నిలబడ్డప్పుడు ఒక కాలే ముందుకు పడుతుంది. రెండు లోకాలున్నాయని చెప్పడం తీసినవాళ్ళ తప్పించుకునే తెలివి. సినిమా తీసినప్పుడు ఓడ ఎక్కినవాళ్ళను గొప్పచేయాలనుకున్నారు, ముసలాయన్ను చంపారు. జనం ఆయన్ను మరిచిపోలేదని తెలిశాక, గడ్డి మొలిపించి తీసుకొచ్చారు. నేను ఏదీ నమ్మను. తలుపు మూయడం దాకానే నాకు కథ.

దీని వల్ల మిగతావి కూడా చూశాను, ఏదైనా తేలుతుందేమోనని. గడియారంలోంచి వెనక్కి పోయే సీరియల్ ఒకటి. వాడు వెనక్కి పోయి చేసిన తప్పు దిద్దుతాడు, దాంతో ఇంకో తప్పు జరుగుతుంది, మళ్ళీ పోతాడు. ఆరు ఎపిసోడ్లకు నా తల తిరిగింది. మరమనుషుల సినిమా ఒకటి. వాళ్ళకు ఏడుపు రావడమే పెద్ద వింత అన్నట్టు మూడు గంటలు తీశారు. పై లోకం వాళ్ళు దండెత్తి వచ్చేవి ఎన్ని చూసినా అంతే, పెద్ద పట్నం మీదే దిగుతారు. పెబ్బేరు సంత రోజున దిగి చూడమను. ఆ ఎద్దుల మధ్య, ఆ బేరాల మధ్య వాళ్ళను ఎవరూ గుర్తుపట్టరు. అన్నిటికంటే ‘దూరపు నేల’నే నయం. అందులో కనీసం మట్టి గురించి మాట్లాడారు.

ఇల్వా మీద నీకు కోపం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. బాధ్యత నెత్తిన ఉన్నవాళ్ళకు ఎందుకు అని అడిగే తీరిక ఉండదు. ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టిందనుకుంటున్నావా?

ఒక సంగతి. నీ ఉత్తరంలో ఒరెన్ గురించి ఒకటిన్నర పేజీ ఉంది. ఇళ్ళ సర్వే అని ఒక్క ముక్క రాసి కోతుల మీదికి పోయావు. ఏ సర్వే అది?

రేణుకమ్మ


ఇప్పలవాగు పెంట,
11 నవంబరు 2024.

పెద్దమ్మకు,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. రాయకూడదని కాదు, రాస్తే నిజమైపోతుందేమోనని.

మా పెంటను కిందికి మారుస్తామంటున్నారు. అడవి లోపలి భాగం జంతువులకు వదలాలట. బలవంతం లేదన్నారు. ఇష్టమైన ఇంటివాళ్ళే సంతకం పెట్టాలి. పెట్టినవాళ్ళకు మైదానంలో ఇల్లు, సాగుకు భూమి, పిల్లలకు దగ్గరలో బడి. మొత్తం ముప్పై ఒక్క ఇళ్ళు. ఫిబ్రవరిలో గ్రామసభ పెట్టి ఖాయం చేస్తారట.

గోపి పోదామంటున్నాడు. “మన బిడ్డ ఎనిమిదో తరగతికి వచ్చె. ఇంకెన్నేండ్లు హాస్టల్ల పెడ్తం?” అంటాడు. మా అమ్మ తమ్ముడు బయన్న మామ రానంటున్నాడు. పెంటలో పెద్దమనిషి ఆయనే, అడవిలో దారి తప్పిన ఆఫీసర్లు కూడా ఆయన్నే పిలుస్తారు. అమ్మ ఏమీ అనదు. అడిగితే లేచి పొయ్యి దగ్గరికి పోతుంది.

మిగతావాళ్ళు నన్ను చూస్తున్నారు. పెంటలో చదివి చెప్పగలిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. కాగితం తెచ్చి నా చేతిలో పెడతారు. “నువ్వు ఏమంటవ్ మంజులా?” అని అడుగుతారు. నాకు పొద్దున ఒకటి సరి అనిపిస్తుంది, పొద్దుగూకితే ఇంకొకటి. వానాకాలంలో వాగు పొంగి తొమ్మిది రోజులు దారి లేనప్పుడు పోవాలనిపిస్తుంది. తెల్లారి ఇప్పచెట్ల కింద నిలబడితే ఎక్కడికి పోతాను అనిపిస్తుంది.

అందుకే నీతో ఒరెన్ పక్షాన వాదించాను. నువ్వు నన్ను ఓడగొట్టాలని. నువ్వు ఓడగొట్టావు. ముందు లేచినవాళ్ళే బతుకుతారు అన్న నీ మాట నేను ఇక్కడ నలుగురిలో చెప్పాను. అంగన్‌వాడీలో పిల్లలకు అన్నాలు పెట్టాక తల్లులను కూర్చోబెట్టి ఇల్వా కథ మొదటి నుంచి చెప్పాను, మూడు రోజులు. విన్నాక చాలామంది, “గామె చేసిందే కరెక్టు. ముందుగాల్నే పోదాం” అంటున్నారు.

నువ్వు పెద్దదానివి, లోకం చూసినదానివి. సంతకం పెట్టమంటావా?

మంజుల


ఇటిక్యాల,
20 నవంబరు 2024.

మంజులా,

ఆగు. నా మాట పట్టుకుని సంతకం పెట్టకు. ఈ ఉత్తరం నీకు ఎప్పుడు అందుతుందో తెలియదు. సుహాసినితో మీ సూపర్‌వైజరమ్మ నంబరు కనుక్కోమన్నాను, దొరకలేదు.

నీకు చెప్పనిది ఒకటి ఉంది. నేను పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. తుంగభద్ర ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు నీళ్ళలో మునిగింది. నాకప్పుడు పదకొండేళ్ళు.

మా నాన్న యాదయ్య నలుగురికీ చెప్పగలిగిన మనిషి. నీళ్ళు వస్తాయని అంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. నది ఊరి మీదికి ఎందుకొస్తుంది అన్నారు. నాన్న ఒక్కడే నమ్మాడు. “నీళ్ళు మన మాట ఇంటయా? ముందుగాల పోయినోనికే మంచి జాగ దొరుకుతది” అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. అందరికంటే ముందు తనే సంతకం పెట్టాడు. ఆయన వెనక ముప్పై కుటుంబాలు పెట్టాయి. నీకు రాసింది ఆయన మాటే. నాది అనుకుని రాశాను.

మేం పోయిన చోట గుట్టబోడు. నాగలి పెడితే రాయి మోగేది. ఒకటే బావి. మొదటి ఎండాకాలం ఆ బావి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో కొట్టుకున్నారు, మా అమ్మ నుదుటి మీద మచ్చ అప్పటిదే. నాన్నను ఎవరూ తిట్టలేదు. పలకరించడం మానేశారు. ఆయన అరుగు మీద కూర్చుంటే అటు వచ్చేవాళ్ళు ఇంకో సందులోంచి పోయేవాళ్ళు. ఆయన కూడా అరుగు మీదికి రావడం మానేసి లోపల గోడకు మొహం పెట్టి కూర్చునేవాడు. పద్నాలుగేళ్ళు అలాగే బతికాడు.

ఆయన చెప్పింది అబద్ధమా అంటే కాదు. నీళ్ళు వచ్చాయి. పోనన్నవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు, గింజలన్నీ పోయాయి. కాబట్టి ఆయనదే నిజం. ఇల్వా తలుపు మూసినప్పుడు నాకు మా నాన్న కనిపించాడు. ఆమె తప్పు చేయలేదని ఎవరైనా అంటే వినాలని ఉండేది. ఎవరూ అనకపోతే నేనే అన్నాను. నీతో కూడా అదే అన్నాను. నీ ఇంటి సంగతి తెలియక అన్నాను.

మీ అడవిలోకి నీళ్ళు రావడం లేదు బిడ్డా. మేం పోకపోతే మునిగేవాళ్ళం. మీరు పోకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. పొమ్మని చెప్పలేను, వద్దని చెప్పలేను.

మా నాన్న అడగనివి మాత్రం చెప్తాను. ఆయన ఆ భూమిని వానాకాలంలో చూశాడు, అప్పుడు ఏ బోడైనా పచ్చగానే ఉంటుంది. నీళ్ళు ఎక్కడివి, ఎండాకాలం ఉంటాయా అని అడగలేదు. ఇచ్చే ఇళ్ళు పక్కపక్కనేనా, చెల్లాచెదురుగానా అని అడగలేదు. చచ్చిపోతే ఎక్కడ పెట్టాలి అని అడగలేదు, మొదటి చావు వచ్చినప్పుడు శవాన్ని పెట్టుకుని రోజంతా కూర్చున్నాం. ఒప్పుకున్నవన్నీ కాగితం మీద రాయించుకోలేదు. ఇవన్నీ అడుగు. ఆ తర్వాత నీ ఇష్టం.

రేణుకమ్మ


ఇప్పలవాగు పెంట,
6 డిసెంబరు 2024.

రేణుకమ్మ గారికి,

మీ ఉత్తరం మూడో తేదీన అందింది. నేను నవంబరు ఇరవై నాలుగున సంతకం పెట్టాను. నా వెనక పదకొండు ఇళ్ళవాళ్ళు పెట్టారు.

మీరు నాలుగు నెలలు నాతో ఒక బొమ్మ మనిషి గురించి వాదించారు. మీ ఊరి గురించి ఒక్క మాట రాయలేదు. దవాఖానలో ఇరవై రెండు రోజులు, మా అమ్మ కాలికి వేన్నీళ్ళ కాపడం పెట్టారు, మీ పెళ్ళి, మీ కాన్పులు అన్నీ చెప్పారు. ఇది చెప్పలేదు.

మీ మీద కోపమా, నా మీద కోపమా నాకే తెలియడం లేదు. మీరడిగినవాటిలో నేను ఒక్కటీ అడగలేదు.

గ్రామసభ దాకా మాట మార్చుకోవచ్చునట. పదకొండు ఇళ్ళకు పోయి ఏమని చెప్పాలి? మొన్న చెప్పింది ఒక సీరియల్, ఇప్పుడు చెప్పేది ఇంకో సీరియల్ అనా?

మంజుల


ఇటిక్యాల,
16 జనవరి 2025.

మంజులకు,

నువ్వు గారు అని రాసిన ఉత్తరం చదివి మా ఆయనకు ఇచ్చాను. ఆయన చదివి, “గామె కోపం కరెక్టే. మరి నువ్వు ఊకె కూసుంటవా?” అన్నాడు. కూర్చోలేదు.

మీకు చూపిస్తున్న భూమి ఏ ఊరి పక్కనో మీ సూపర్‌వైజరమ్మను అడిగి కనుక్కున్నాను. ఆమె నంబరు ఈసారి దొరికింది. సుహాసినిని వెంటబెట్టుకుని గద్వాల నుంచి వనపర్తి, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్, అక్కడి నుంచి ఆటో. చూసింది చూసినట్టు రాస్తున్నాను, నా మాట ఏదీ కలపడం లేదు.

భూమి ఎర్ర చల్క, ఇసుక కలిసిన నేల. గడ్డపారతో మూడు చోట్ల తవ్వించాను. రెండు చోట్ల మోకాలి లోతు దాకా మట్టే, రాయి లేదు. దక్షిణం వైపు తవ్విన చోట జానెడు లోతులోనే సున్నపురాయి తగిలింది. ఆ వైపు ఎవరికి వచ్చినా నష్టపోతారు. బోరు నీళ్ళు తాగి చూశాను, ఉప్పగా ఉన్నాయి. పశువులు తాగుతాయి, పప్పు ఉడకదు. మంచినీళ్ళకు ఒకటిన్నర కిలోమీటరు పోవాలి. ఇళ్ళకు గీతలు గీశారు, అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. బడి నడిచిపోయే దూరం. చిన్న దవాఖాన ఆటోలో పావుగంట.

పక్క చేను హన్మమ్మ అనే ఆమెది. మొదట నన్ను చూసి భూమి కొనడానికి వచ్చాననుకుని సరిగ్గా మాట్లాడలేదు. అడవి నుంచి వచ్చేవాళ్ళ కోసం చూస్తున్నానంటే మాట కలిపింది. “వాళ్ళొస్తే మా గొర్లు మేసే జాగ పోతది. మాకు జర కష్టమే. అయితే వాళ్ళేం చేసిన్రు, వాళ్ళ తప్పేముంది?” అంది. ఆ మాటలో రెండూ ఉన్నాయి. రెండూ నీకు తెలియాలని రాశాను.

చెప్పకపోవడం గురించి. నా కొడుక్కు, సుహాసినికి కూడా మా నాన్న సంగతి తెలియదు. ఆటోలో వస్తుంటే సుహాసినికి చెప్పాను. అది నా చేయి పట్టుకుంది. నలభై ఏళ్ళుగా నోరు తెరవనిదాన్ని, దవాఖానలో ఎలా తెరుస్తాను? కానీ నువ్వు సర్వే అని రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. సర్వే ఏమిటని అడిగి, ఊరుకున్నాను. అది నా తప్పు.

‘తొలకరి’ చూడడం ఆపేశాను. ఎవరు గెలిచారో చూడాలని లేదు.

రేణుకమ్మ


ఇప్పలవాగు పెంట,
3 మార్చి 2025.

పెద్దమ్మా,

గ్రామసభ అయిపోయింది. జరిగింది జరిగినట్టు నేనూ రాస్తాను.

సభకు ముందు నేను పదకొండు ఇళ్ళకూ పోయాను. కథ చెప్పలేదు. నీ రెండు ఉత్తరాలు చదివి వినిపించాను. మీ నాన్న సంగతి కూడా. చదవవచ్చా అని నిన్ను అడగలేదు, ఏమీ అనుకోకు. నేను నా సంతకం వెనక్కి తీసుకుందామని నిశ్చయించుకున్నాను. గోపితో రెండు రోజులు మాటల్లేవు.

సభ బడి రేకుల షెడ్డులో పెట్టారు. ఆఫీసర్లు అయిదుగురు. నేను లేచి నీ ప్రశ్నలు ఒక్కొక్కటి అడిగాను. దక్షిణం వైపు సున్నపురాయి అంటే ఒకాయన మ్యాపు తీసి చూసి, “గది మీకెట్ల ఎరుక?” అన్నాడు. మా పెద్దమ్మ తవ్వించింది అన్నాను. ఆ వైపు ఎవరికీ ఇవ్వమని రాశారు. మంచినీళ్ళ పైపు వచ్చాకే ఇళ్ళు మారాలని రాశారు. శ్మశానానికి జాగా అంటే చూస్తాం అన్నారు, కాగితం మీద రాసేదాకా నేను కూర్చోలేదు.

అప్పుడు మా అమ్మ లేచింది. ఇన్ని నెలలు నోరు విప్పని మనిషి. ఉంటానంటుందని అందరం అనుకున్నాం.

“నేను పోత” అంది.

బయన్న మామ, “అక్కా, ఏమంటున్నవ్?” అన్నాడు.

“పోయినేడు కాలు ఇరిగితె నన్ను డోలీల మోసుకపోయిన్రు. పద్నాలుగు కిలోమీటర్లు. మోసిన నలుగుర్ల ఇద్దరు పిల్లలు పట్నం పోయిన్రు. ఇంకోపారి పడితె ఎవరు మోస్తరు? మంజుల నన్ను గా ముసలాయన లెక్క అనుకుంటున్నది. గాయనకు మోకాళ్ళ నొప్పుల్లేవు.”

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె ఏమనుకుంటుందో నేనూ ఊహించుకున్నానే గాని, కూర్చోబెట్టి అడగలేదు. ఒక్కసారి అడిగితే పొయ్యి దగ్గరికి పోయింది, అంతే అనుకున్నాను.

సభ అయ్యాక బయన్న మామను వాగు దాకా వెంబడించి పోయి, ఎందుకు రానంటున్నావు అని అడిగాను. ఆయన చాలాసేపు నడిచి చెప్పాడు. “ఈడ ఏ చెట్టు ఎప్పుడు పూస్తదో నాకెరుక. మంది నన్ను అడుగుతరు. ఆడికి పోతె నేనెవ్వన్ని? పించన్‌కు లైన్ల నిలవడే ముసలోన్ని.”

పన్నెండు ఇళ్ళు పోతున్నాయి, పంతొమ్మిది ఉంటున్నాయి. పోవద్దనుకున్న నేను అమ్మ కోసం పోతున్నాను. సరైన పని చేస్తున్నానా పెద్దమ్మా? నాకు నిజంగా తెలియడం లేదు. ఇదివరకు తెలియకపోతే భయమేసేది. ఇప్పుడు తెలియకుండానే మూటలు కడుతున్నాను.

మంజుల


ఇటిక్యాల,
21 మార్చి 2025.

బిడ్డా,

ఉత్తరాలు చదివినందుకు నేనేమీ అనుకోలేదు. మా నాన్న మాట నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ నలుగురు కూర్చుని విన్నారు.

నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉంటే దాచేదాన్ని కాదు, ఇంక దాచను.

కొత్త ఇంటికి పోయిన మొదటి నెల ఎవరితోనూ జగడం పెట్టుకోకు. పక్కింటివాళ్ళు పిలవకపోయినా నువ్వే పో.

రేణుకమ్మ


కొత్త కాలనీ,
8 నవంబరు 2025.

పెద్దమ్మా,

ఇక్కడ సిగ్నల్ నాలుగు గీతలు చూపిస్తుంది. నీకు ఫోన్ చేయవచ్చు. సుహాసిని నంబరు కూడా ఉంది. రెండుసార్లు నొక్కి ఆపేశాను. ఫోన్‌లో బాగున్నానంటాను, నువ్వు నమ్మినట్టు ఊఁ అంటావు. అందుకే రాస్తున్నాను.

వచ్చి ఇరవై ఆరు రోజులైంది. మంచినీళ్ళ పైపు ముందే వచ్చింది, అది పడ్డాకే కదిలాం. ఇల్లు సిమెంటుది. అమ్మ మొదటి వారం లోపల పడుకోలేదు, గోడలు మాట్లాడుతున్నాయంది. గోపి సంతోషంగా ఉన్నాడు, బిడ్డ బడి నుంచి ఇంటికే వస్తోంది. నేను అంగన్‌వాడీకి పోతున్నాను. పిల్లల్లో సగం మంది ఈ ఊరివాళ్ళు. నా మాట వాళ్ళకు నవ్వొస్తుంది. పైన పెంటలో ఉండిపోయిన నా అంగన్‌వాడీ పిల్లలు అయిదుగురికి ఇప్పుడు అన్నం ఎవరు పెడుతున్నారో అడిగి తెలుసుకోలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని.

అసలు రాయాలనుకున్నది అమ్మ గురించి. వచ్చిన మర్నాడు పొద్దున్నే, పైన అడవిలో దుంపలకు, ఆకుకూరకు పోయినట్టే, ఒక చేత కర్ర, ఒక చేత గడ్డపార పట్టుకుని బయటికి పోయింది. మధ్యాహ్నానికి ఉత్త చేతులతో వచ్చి గడప మీద కూర్చుంది. తినమంటే తినలేదు. రెండోరోజు ఇంకో వైపు పోయింది, ఉత్త చేతులే. పోవాలన్నది తనే కాబట్టి తిరిగి పోదామని అనలేదు, అనలేక అలా తిరుగుతోందని అనుకున్నాను. అలా రోజూ.

నిన్న అమ్మ హన్మమ్మ చేను గట్టు మీద వంగి ఏదో తెంపుతుంటే చూశాను. కొంగు నిండా ఆకు. హన్మమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వేరుశనగ పీకడం ఆపి వచ్చారు. ఎవరో జగడానికి వస్తున్నారనుకుని నేను ఉరికాను.

“అవ్వా, గది పిచ్చిచెట్టు. గొర్లు సుత తినవు. ఏం జేస్తవ్?” అంది హన్మమ్మ.

“గొర్లకేం ఎరుక. పప్పుల ఏస్త” అంది అమ్మ.

“దీని పేరేంది?”

అమ్మ పేరు చెప్పింది, మా పెంటలో మేం పిలిచే పేరు. హన్మమ్మ పలికి చూసింది. తప్పు పలికింది. అమ్మ మళ్ళీ చెప్పింది, పిల్లలకు చెప్పినట్టు విడదీసి. మూడోసారికి హన్మమ్మకు వచ్చింది. వెనకున్న ఇద్దరు కూడా పలికారు.

ఇంటికొచ్చి అమ్మ పప్పు వండింది. రెండు గిన్నెలు తింది. ఒక గిన్నె మూతపెట్టి హన్మమ్మ ఇంటికి తనే తీసుకుపోయింది, కర్ర లేకుండా.

మంజుల